వేషం మీద కేసు

కలకడలో ఒక ఇంటి పంచలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకరు బడిలో తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారు. వయసులో ఉన్నప్పుడు ఎండాకాలం భారతాల్లో ద్రౌపది వేషం కట్టిన మనిషి. రెండోవారు ఆయన తమ్ముడి కూతురు, మదనపల్లె కోర్టులో లాయరు. ఇద్దరినీ నేనే కల్పించాను. వాళ్ళ నోట వచ్చే జాతరలు, కైఫీయతులు, నాటకాలు, చట్టాలు మాత్రం ఉన్నవే. ఈ ఏడు భారతానికి చందా రాయమని పెద్దాయన నోటుపుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టారు. పేచీ అక్కడ మొదలైంది.

లాయరమ్మ: అన్నదానానికి రాస్తాను పెదనాయనా. నాటకానికి మాత్రం రాయను. వేషం అన్న మాట వింటేనే ఈమధ్య నాకు ఒళ్ళు మండుతోంది.

అయ్యవారు: వేషం నీకేం చేసింది అమ్మణ్ణీ?

లాయరమ్మ: మా ఆఫీసు మెట్లు ఎక్కే వాళ్ళకు చేసింది. ఫోనుకు వీడియో కాల్ వస్తుంది. అవతల ఖాకీ చొక్కా, భుజం మీద నక్షత్రాలు, వెనక గోడకు పోలీసు చిహ్నం, బల్ల మీద చిన్న జెండా. 'మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం' అంటాడు. పెన్షను మీద బతికే పెద్దవాళ్ళు గంటల తరబడి ఆ ఫోను ముందు కూర్చుని, వాడు చెప్పిన ఖాతాకు ఉన్నదంతా పంపేస్తారు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో ఆ సంగతి దేశానికంతా చెప్పవలసి వచ్చింది. మరి ఆ ఫోనులో వాడు కట్టింది ఏమిటి? వేషమే. చొక్కా ఉంది, సెట్టింగు ఉంది, కంఠతా పట్టిన మాటలు ఉన్నాయి. మీరు వేషానికి దండం పెడతారు. నేను దానిమీద ఫిర్యాదు రాసుకుంటున్నాను.

అయ్యవారు: వానినీ నన్నూ ఒకే బోనులో నిలబెట్టినావే! సరే, కేసు పెట్టు, జవాబు చెప్తా. మా చిన్నప్పుడు మన పల్లెలకు పిట్టలదొర వచ్చేవాడు. తెలంగాణలో తుపాకిరాముడంటారు. మాసిన ఖాకీ ప్యాంటు, ఎవరో ఇచ్చిన పాతకోటు, తలమీద దొర టోపీ, భుజాన కట్టె తుపాకి. వీధి మొగదల నిలబడి కోతలు మొదలుపెడితే ఇంక ఆపడు. చెరువులో నీళ్ళన్నీ నావే, కొండమీద వెన్నెలంతా నాదే, రేపు పొద్దున కలెక్టరు మా ఇంటికి సద్దికూటికి వస్తాడు అంటాడు. పూటకు గతిలేనోడు దొరై నిలబడినాడు. నమ్మినోడు ఒక్కడు లేడు, నవ్వనోడూ ఒక్కడు లేడు. ఆడోళ్ళు చేటలో రాగులు తెచ్చి పోసేవాళ్ళు. తెల్లదొర పోయినాడు, జమీందారు పోయినాడు. వాళ్ళ నడక, వాళ్ళ దబాయింపు మాత్రం ఆ పిట్టలదొర ఒంట్లో చానా కాలం బతికినాయి. ఎదురుగా నిలబడి దొరను చూసి నవ్వే ధైర్యం లేని ఊరు, పిట్టలదొరను చూసి కడుపుబ్బ నవ్వింది.

లాయరమ్మ: నవ్వు సంగతి తర్వాత. భారతీయ న్యాయ సంహితలో 205వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ ఉద్యోగి కానివాడు ఆ ఉద్యోగి వేసుకునే దుస్తులు వేసుకోవడం, ఆ గుర్తులు పెట్టుకోవడం నేరం.

అయ్యవారు: సెక్షను సగమే చదివినట్టుండావు. మిగిలిన సగం చదువు.

లాయరమ్మ: ...నిజంగా ఉద్యోగే అని జనం నమ్మాలన్న ఉద్దేశంతో గానీ, నమ్ముతారని తెలిసి గానీ వేసుకుంటే.

అయ్యవారు: ఆ మాట చెప్పు! పిట్టలదొరను నమ్మినోడెవడు?

లాయరమ్మ: సరే, పిట్టలదొర మీద కేసు నిలవదు. కానీ మీరు తెలివిగా ఎవరూ నమ్మని వేషాన్నే ముందుకు తెచ్చారు. నమ్మించే వేషాల సంగతి చెప్పండి. పగటివేషాలవాళ్ళున్నారు. వాళ్ళకు అరుగు లేదు, తెర లేదు, దీపాలు లేవు. పట్టపగలు నడివీధిలో తహసీల్దారులా వచ్చి శిస్తు రశీదులు చూపించమంటాడు. ఇంటాయన గుండె జారిపోయి లోపలికి పరుగెత్తుతాడు. అక్కడ 205 వర్తిస్తుందా లేదా?

అయ్యవారు: (కాసేపు ఆగి) వర్తిస్తుంది. ఆ గడియ వరకు వర్తిస్తుంది. కానీ పగటివేషగాడి పద్ధతి యావత్తూ చూడమ్మా. ఒక ఊళ్ళో దిగితే రోజుకొక వేషం. ఒకనాడు సోమయాజులు సోమిదేవమ్మ, ఒకనాడు పఠాను, ఒకనాడు సింగీ సింగడు, ఇంకోనాడు కోయదొర. ముఖానికి ఒక పక్క మీసం గీసి, ఒక పక్క కాటుక పెట్టి, చేతిలో గుడ్డ అడ్డం పెట్టుకోని, ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతిగా అర్ధనారీశ్వరుడు కడతాడు. అన్ని దినాలూ చెయ్యి చాపడు. వేషాలన్నీ అయిపోయినాక కడపటి దినం ఇంటింటికీ వచ్చి, ఇన్నాళ్ళూ మీ వాకిట్లోకి వచ్చింది మేమే అని చెప్పి సంభావన అడుగుతాడు. నమ్మించడం వాని పని. ఆ నమ్మకాన్ని తిరిగి ఇచ్చేసేదీ వాని పనే. నీ ఫోనులోవాడు కడపటి దినం వచ్చి చెప్తాడా?

లాయరమ్మ: చెప్పడు. ఒప్పుకుంటాను. కానీ రశీదు కోసం పరుగెత్తిన ఇంటాయన సంగతి వదిలేశారు. వీధి వీధంతా ఆయన్ను చూసి నవ్వింది. ఆయన కూడా నవ్వాడంటారు. నవ్వక ఏం చేస్తాడు? నవ్వకపోతే ఇంకా నవ్వుతారు. సరదాకి చేశాం అనే మాటను నేను కోర్టులో వినని వారం లేదు. కొత్తకోడలిని ఏడిపించినవాళ్ళు, హాస్టల్లో జూనియర్‌ను మోకాళ్ళ మీద నిలబెట్టినవాళ్ళు, అందరూ సరదాకే చేశామంటారు. దొరను చూసి నవ్వినా తహసీల్దారును చూసి నవ్వినా నాకు ఇబ్బంది లేదు. భయపడినవాణ్ణి చూసి నవ్వడం మాత్రం నాకు నచ్చదు.

ఇక్కడ నేను కొంచెం కల్పించుకోవాలి. లాయరమ్మ చెప్పినదాంట్లో బలముంది. పగటివేషాలను పొగుడుతూ రాసినవాళ్ళం వేషగాడి నేర్పు గురించే రాశాం. మోసపోయి నిలబడిన మనిషి ముఖం గురించి రాసింది తక్కువ. పెద్దాయన కూడా దానికి నేరుగా జవాబు చెప్పలేదు. దావ మార్చి కడప జిల్లాకు పోయారు.

అయ్యవారు: మాచుపల్లె కైఫీయతు విన్నావా? ఇది పిల్లల కథ కాదు, మెకంజీ దొర ఊరూరా రాయించిన ఊరి చరిత్రల్లో, ఆ కైఫీయతుల్లో ఉండేదే. పదహారో శతాబ్దం తొలినాళ్ళు. సిద్ధవటం సీమను సమ్మెట గురవరాజు ఏలుతుండాడు. పన్ను కట్టలేనోళ్ళ ఇండ్ల ఆడోళ్ళను పట్టుకొచ్చి, రొమ్ములకు చిరతలు పట్టించి డబ్బు రాబట్టేవాడంట. ఆ దావన పోతుండిన భాగవతులు, కూచిపూడివాళ్ళే అంటారు, ఆ ఘోరం సంగతి తెలుసుకున్నారు. విజయనగరం చేరి వీర నరసింహరాయల ముందర ప్రదర్శన ఇచ్చే అవకాశం దొరికినప్పుడు పురాణం ఆడలేదు. ఒకడు గురవరాజు వేషం కట్టినాడు, ఇద్దరు బంట్లయినారు, ఒకడు ఆడవేషం కట్టినాడు. సిద్ధవటంలో ఏం జరుగుతుందో సభలో చేసి చూపించినారు. రాయలకు కోపం వచ్చి సైన్యాన్ని పంపించినాడు. గురవరాజును పట్టి చంపించినాడు. ఫిర్యాదు చేసుకోడానికి ఆ ఆడోళ్ళకు యాడా దావ లేదు. వకీలు లేడు, కోర్టు లేదు. వేషం కట్టినోడే వాళ్ళకు సాక్షి.

లాయరమ్మ: ఇది గొప్పగా ఉంది. ఇదే నిజం అయితే నేను మెచ్చుకునేది వేషాన్ని కాదు, వాళ్ళ ధైర్యాన్ని. కానీ పెదనాయనా, మీరు వేషాన్ని మెల్లగా న్యాయం వైపుకు లాక్కుపోతున్నారు. మంచిపనికి కడితే మంచి వేషం అంటారు. అట్లాగైతే 'కన్యాశుల్కం' తీసుకుందాం. కరటకశాస్త్రి ఏం చేశాడు? తన మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మకుండా ఆపాలి. అందుకు తన శిష్యుడికి ఆడవేషం కట్టించి, నా కూతురని చెప్పి, ఆ ముసలాయనకే డబ్బుకు అమ్మాడు. మాయగుంట! ఆ గుంట రాత్రికి రాత్రి మాయమైంది. లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు వచ్చింది. మీరంతా నవ్వుతూ నవ్వుతూ చదువుతారు. నేను మాత్రం సౌజన్యారావు పంతులు బల్ల దగ్గర ఆగిపోతాను. ఆ సరదాకంతటికీ చివర కాగితాలు సర్దవలసి వచ్చింది ఒక వకీలే. పరుల వేషంతో మోసం చేసి డబ్బు తీసుకున్నందుకు ఇప్పుడైతే 319వ సెక్షన్, అయిదేళ్ళ దాకా జైలు.

అయ్యవారు: ఆ వకీలు ముందుకు నిజం యెట్ల వచ్చిందో కూడా చెప్పు మరి.

లాయరమ్మ: మధురవాణి వచ్చి చెప్పింది.

అయ్యవారు: యెట్ల వచ్చింది?

లాయరమ్మ: (నవ్వుతూ) మగవేషంలో.

అయ్యవారు: వేశ్య మొగం చూడనని ఒట్టు పెట్టుకున్న పెద్దమనిషి గదిలోకి పోవాలంటే ఆమెకు వేరే దావ లేదు. మాయగుంట వేషంతో పడిన ముడి మధురవాణి వేషంతో విడింది. 1892లో విజయనగరంలో ఆ నాటకం మొదటిసారి ఆడినారు. 1909లో గురజాడ అంతా తిరగరాసి పెద్దది చేసినాడు. ఆడపిల్లను అమ్మే వ్యాపారంలో పసిబిడ్డకూ మారువేషం కట్టిన మొగపిల్లోనికీ తేడా తెలీకుండా పోయిందే! ఆ ముసలాయన పెండ్లాడింది మనిషిని కాదని అంతకంటే గట్టిగా ఎవడు చెప్పగలడు? అది ఉపన్యాసంలో చెప్తే వినేవాడు లేడు. జనం నవ్వినారు కాబట్టి ఎక్కింది.

లాయరమ్మ: ఆ శిష్యుడు మహేశానికి మీసాలు రాని వయసు. వాడిని ఎవరూ అడగలేదు, ఆ ఇంట్లో రాత్రులు గడపడానికి నీకు ఇష్టమేనా అని. సరే, దాన్ని పక్కన పెడదాం. మీ విషయానికి వద్దాం. మీరు ద్రౌపది కట్టారు. ఎందుకు కట్టారు? ఊళ్ళో ఆడవాళ్ళు లేరా?

అయ్యవారు: ఆ రోజుల్లో ఆడోళ్ళు భారతంలో కట్టేవాళ్ళు కారు. గొంతు సన్నంగా ఉండాదని నన్ను పట్టుకున్నారు. పద్దెనిమిది దినాల భారతం కదా. పగలు హరికథ, రాత్రి నాటకం. పొద్దుగూకినాక ముఖానికి అర్దళం పూసుకోని, సవరం కట్టుకోని, ఇద్దరు తెర పట్టుకుంటే దాని వెనక నిలబడి తాళానికి కాలు కదిలించాల. కీచకవధ రాత్రి చూడాల నువ్వు! ద్రౌపది కట్టింది మొగోడు. విరాటుని కొలువులో ఆ ద్రౌపది సైరంధ్రి అనే పేరుతో దాక్కోనుండాది. ఆమె చీర ముసుగేసుకోని నర్తనశాలలో కూర్చుండేది భీముడు. ముసుగులోంచి మీసం బయటికి కనపడతా ఉంటుంది. కీచకుడు గారాలు పోతా దగ్గరికి వస్తాడు. చాపల మీద కూర్చున్న పిల్లోళ్ళు, ముసలోళ్ళు ఒకటే నవ్వు. ఆ నవ్వు నడిమధ్యలోనే భీముడు వాని మెడ పట్టుకుంటాడు. నవ్వేవాళ్ళ నోరు తెరిచినట్టే ఉండిపోతుంది. పాండవులు పదమూడో ఏడు గుర్తుపట్టబడితే మళ్ళీ పన్నెండేండ్లు అడవి. అయినా వ్యాసుడు, తిక్కన ఆ ఏడాదినే భారతమంతట్లోకీ చమత్కారంగా నడిపించినారు. ధర్మరాజు జూదమాడే కంకుభట్టు, భీముడు వంటలవాడు వలలుడు, గాండీవం పట్టినోడు బృహన్నల. మన పల్లెల్లో వానలు రాకపోతే చదివించేది కూడా ఆ విరాటపర్వమే.

లాయరమ్మ: నేను అడిగింది అది కాదు.

అయ్యవారు: తెలుసు, చెప్తా. వేషం విప్పకుండానే ఒకసారి నాటకం నడిమధ్యలో తెర వెనక నుంచి వీధిలోకి పోయినా. నలుగురు కుర్రోళ్ళు నన్ను ఆడదనుకోని వెనక పడినారు. కూతలు, ఈలలు. మొగోడినని చెప్పడానికి నోరు తెరిస్తే చాలు. కానీ ఆ పది అడుగులూ నా గుండె ఎట్ల కొట్టుకున్నిందో నాకు తెలుసు. మీ పెద్దమ్మను సంతకు ఒంటిగా పంపేటప్పుడు అంతకుముందు నేనేమీ అనుకోలేదు. ఆ తర్వాత అనుకున్నా.

లాయరమ్మ: ఆ పది అడుగుల చివర మీకు విప్పేసే చీర ఉంది పెదనాయనా. మాకు లేదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా నిలబడితే ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆయన నడక చూసి నేర్చుకున్నారని గొప్పగా చెబుతారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో ఇచ్చారు. ఇద్దరూ మహానుభావులే. కానీ మాకు మా నడక నేర్పడానికి కూడా మగవాడే కావలసి వచ్చిందంటే, ఆ అరుగు మీద మాకు చోటు లేదనే కదా?

అయ్యవారు: నిజమే, నేను కాదనను. కానీ వేషం ఒక దిక్కే పోలేదు. సావిత్రిని తలుచుకో. 1957 'మాయాబజార్'. తీసింది మన తాడిపత్రి కె.వి.రెడ్డి. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు ఉండాడు. తెరమీద కనపడేది సావిత్రి. ఆమె భుజాలు విరుచుకోని, కాళ్ళు ఎడంగా వేసి, అద్దం ముందర మీసం లేదే అన్నట్టు చూసుకుంటా ఉంటే, ఎస్.వి.రంగారావు లోపల కూర్చున్నట్టే ఉంటుంది. చానామంది మొగోళ్ళు ఆడతనాన్ని అభినయించినారు. ఒక ఆడమనిషి, ఆడపిల్ల రూపంలో ఉండే మొగ రాక్షసుణ్ణి అభినయించింది. దాన్ని చూసి ఇన్నేండ్లుగా నవ్వుతుండాము. ఆ నవ్వులో ఎవరికన్నా నొప్పి ఉండాదా చెప్పు?

లాయరమ్మ: లక్ష్మణకుమారుడికి ఉంది. అది వాడికి తగినదే.

ఆమె నవ్విందని రాయడానికి నాకు సంతోషంగా ఉంది. ఆ సినిమా పేరు చెప్పినచోట ఏ తెలుగు పేచీ అయినా కాసేపు మెత్తబడుతుంది.

లాయరమ్మ: ఒకటి చెప్పండి. మీ భారతంలో అర్జున తపస్సు ఉంది. ఎత్తైన తపస్సుమాను పాతుతారు. అర్జునుడు పద్యం పాడుకుంటూ మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిచీరలతో బోర్లా పడుకుని వరపడతారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ, విభూతి ఒడిలో పడితే చాలంటారు. అక్కడ పైన ఉన్నది అర్జునుడు కాదు, పక్క ఊరి మనిషి. నమ్మకాన్ని వాడుకోవడం అంటే ఇదే కదా?

అయ్యవారు: ఆ మనిషి ఎవరో ఆ ఆడోళ్ళకు నీకంటే బాగా తెలుసు. పొద్దున అంగట్లో వాళ్ళ పక్కనే నిలబడి టీ తాగినాడు. వాని పెండ్లాం పేరు తెలుసు, వాని అప్పులు తెలుసు. అయినా కిరీటం పెట్టుకోని, భుజకీర్తులు కట్టుకోని ఆ మాను ఎక్కినప్పుడు వాళ్ళు అర్జునునికే మొక్కుతారు. కిందికి దిగి వచ్చినాక మళ్ళా పేరు పెట్టి పిలుస్తారు. వాడు డబ్బు అడగలేదు. ఊరంతా చూస్తుండాది, వాడు ఒక్క మాట తప్పుగా అన్నా పద్యం అందిచ్చేవాళ్ళుండారు. ఎవరూ మోసపోలేదు అమ్మణ్ణీ, అందరూ కలిసి కట్టిన వేషం అది.

లాయరమ్మ: ఒక్క నిమిషం ఆగండి.

అయ్యవారు: ఏమి?

లాయరమ్మ: ఊరంతా చూస్తోంది అన్నారు కదా. నా దగ్గరికి వచ్చిన ప్రతి డిజిటల్ అరెస్టు కేసులోనూ మొదటి మాట ఒకటే ఉంటుంది. 'తలుపు వేసుకోండి. ఎవరికీ చెప్పకండి. భర్తకు చెప్పకండి, పిల్లలకు చెప్పకండి. ఫోను కట్ చేయకండి.' డబ్బు మాట ఎత్తేది ఆ తర్వాతే. పక్కింటివాళ్ళు ఒక్కరు వచ్చి తొంగిచూస్తే చాలు, వాడి వేషం నిలవదు. గదిలో రెండో మనిషి ఉంటే ఆ నేరం జరగదు. మీ వేషానికేమో రెండో మనిషి లేకపోతే జరుగుబాటే లేదు. మద్దెల వాయించి మరీ పిలుస్తారు.

అయ్యవారు: అదే కదా పొద్దున్నుంచి నేను...

లాయరమ్మ: మీరు చెప్పలేదు. మీరు నవ్వు గురించి, నేర్పు గురించి, న్యాయం గురించి చెప్పారు. ఇది నా ఫైళ్ళలోంచి వచ్చింది.

అయ్యవారు: నీదే, ఒప్పుకున్నా. మిమిక్రీ చేసే నేరెళ్ళ వేణుమాధవ్ గుర్తుకొస్తుండాడు. వరంగల్లు మనిషి, 1932లో పుట్టినాడు, 2001లో పద్మశ్రీ. వెయ్యిమంది ముందర ఇప్పుడు ఫలానావారి గొంతు అని చెప్పి మరీ పలికేవాడు. గొంతు ఎవరిదో ముందే తెలిసినా నోరు వెళ్ళబెట్టుకోని వినేవాళ్ళం.

లాయరమ్మ: ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తోంది, చెప్పకుండా చేస్తోంది. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని ఎవరో మరొక అమ్మాయి ఒంటికి అతికించి వీడియో వదిలారు. చూసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు, కానీ ఒక్కొక్కరూ ఎవరి ఫోనులో వాళ్ళు ఒంటరిగా చూశారు. ఐటీ చట్టం 66డీ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆ శిక్ష సబబే అంటాను.

అయ్యవారు: నేనూ అంటా. అయితే మరి నాటకం మీద కేసు కొట్టేసినట్టేనా? గంగమ్మ జాతర కూడా కలిపి కొట్టేయి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథ కంటే పెద్ద వేషం కథ ఉండాదా? ఆడబిడ్డలను చెరపట్టే పాలెగాడు. వానిని చంపడానికి పుట్టిన గంగమ్మ. వాడు భయపడి దాక్కుంటే ఆమె దినానికొక వేషం కట్టి వెతికింది. మే నెలలో ఆ దినాలన్నీ ఊరు మళ్ళా ఆడుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. దొర వేషం చూసి తనకంటే పెద్ద దొర వచ్చినాడనుకోని పాలెగాడు బయటికి వచ్చినాడు, చచ్చినాడు. తర్వాత మాతంగి వేషంతో పోయి వాని పెండ్లాన్ని ఓదార్చింది కూడా ఆ తల్లే. మొక్కుకున్న మొగోళ్ళు చీర కట్టుకోని, సవరం పెట్టుకోని, పూలు ముడుచుకోని గుడికి పోతారు. ఒక్కడు సిగ్గుపడడు. 2024 డిసెంబరులో 'పుష్ప 2'లో అల్లు అర్జున్ చీర కట్టుకోని నీలం రంగు పూసుకోని ఆడింది ఈ జాతర పద్ధతే. మన పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ, జాతర లేని తావు ఉండాదా మన పక్క?

లాయరమ్మ: అన్ని వేషాలూ ఒక్క ఊపులో చదివేశారు. మూడోది మళ్ళీ చెప్పండి.

అయ్యవారు: తోటి.

లాయరమ్మ: ఆ రోజు ఏం చేస్తారు?

అయ్యవారు: ఒళ్ళంతా బొగ్గుపొడి పూసుకుంటారు, వేపాకు కట్టుకుంటారు. జాతర దినాల్లో బూతులు తిట్టినా తప్పు పట్టరు.

లాయరమ్మ: ఇప్పుడు నేను ఒప్పుకున్న మాటనే మీ ముందు పెడుతున్నాను. అందరూ చూస్తుండగా కట్టింది, అందరూ కలిసి కట్టింది మోసం కాదన్నాం. ఆ అందరిలో తోటి ఇంటివాళ్ళు ఉన్నారా? మన పక్కనే, కుప్పం దాటితే కోలారు గనులు. అక్కడ పాకీపని చేసిన తెలుగు కుటుంబాలను తోటివాళ్ళనే పిలిచారు. ఆ ఇళ్ళలోనే 1966లో పుట్టాడు బెజవాడ విల్సన్. చేతులతో మలం ఎత్తే ఆ పని పోవాలని దేశమంతా తిరిగాడు. 2013లో దానిమీద కొత్త చట్టం వచ్చింది. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు ఇచ్చారు. బొగ్గు పూసుకున్నవాడు సాయంత్రం తలకు స్నానం చేసి ఇంటికి పోతాడు, మర్నాడు దొర అవుతాడు. తోటి ఇంట్లో పుట్టినవాడు దొర వేషం కట్టుకుని మామూలు రోజున మన వీధిలో నడిస్తే ఏమయ్యేదో మీ చిన్నతనంలో మీరు చూసే ఉంటారు.

అయ్యవారు: గంగమ్మే ఆ వేషం కట్టింది అమ్మణ్ణీ. తల్లికి తోటీ ఒకటే దొరా ఒకటే అని...

లాయరమ్మ: తల్లికి ఒకటే. నాకు సందేహం లేదు. కట్టే మనుషులకు ఒకటేనా అని అడుగుతున్నాను. పగటివేషాల్లో ఎరుకల, లంబాడీ, పఠాను వేషాలు కట్టి వాళ్ళ మాటను వెక్కిరించినప్పుడు వాళ్ళు ఆ గుంపులో నిలబడి నవ్వారా? బృహన్నల కథ విని చేతులు జోడించే ఊరు, బస్టాండులో హిజ్రా కనబడితే ఏమంటుందో నేను రోజూ వింటున్నాను. ఏడాది పాటు అర్జునుడు అట్లా బతికాడని గౌరవం. బతుకంతా అట్లా బతికేవాళ్ళకు 2014లో సుప్రీంకోర్టు చెబితే గానీ కాగితం మీద కూడా గుర్తింపు రాలేదు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆయన నోట ఒక జవాబు పెట్టడానికి ప్రయత్నించాను, పెట్టలేకపోయాను. కింది మనిషి పైవాడి వేషం కడితే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. పిట్టలదొరనూ గురవరాజు వేషం కట్టిన భాగవతుణ్ణీ నేను మనసారా ప్రేమించేది అందుకే. పైమనిషి కిందివాడి వేషం కట్టినప్పుడు ఆ నవ్వులో ఎవరి ఇంటి ఏడుపు ఉందో కట్టినవాడు పోయి అడగవలసిందే. ఈ విషయంలో నేను లాయరమ్మ పక్షం.

అయ్యవారు: జాతర నా చేతిలో లేదు. భారతం కమిటీ అయితే నా మాట వింటుంది. నువ్వు చెప్పు, ఏం చేయమంటావు?

లాయరమ్మ: రెండు పనులు. మొదటిది, ఈసారి వేషాల్లో ఆడపిల్లకు ఒకటి ఇవ్వండి.

అయ్యవారు: ద్రౌపదే కదా? ఇప్పిస్తా. ఇప్పుడు యాడ చూసినా ఆడోళ్ళే కడుతుండారు.

లాయరమ్మ: ద్రౌపది కాదు, దుర్యోధనుడు. కడపటి రోజు మట్టితో అంత పెద్ద బొమ్మ చేసి పడుకోబెడతారే, దాని చుట్టూ గద తిప్పుతూ భీముడితో పోట్లాడాలి. మన వీధిలో గొంతున్న పిల్లలు ఇద్దరున్నారు.

అయ్యవారు: దుర్యోధనునికి ఆడపిల్లా! మయసభ పద్యం ఎత్తుకుంటుందా?

లాయరమ్మ: సావిత్రి ఘటోత్కచుడు కాగా లేనిది. రెండోది, మధ్యలో హాస్యగాడు వచ్చి పిల్లలను నవ్విస్తాడు కదా. ఈసారి వాడికి ఖాకీ చొక్కా వేసి, చేతికి ఫోను ఇవ్వండి. డిజిటల్ అరెస్టు చేయమనండి. తలుపు వేసుకోండి, ఎవరికీ చెప్పకండి అని వాడు గుసగుసలాడాలి, ఊరంతా వినాలి. భాగవతులు రాయల సభలో చేసిన పనే. వేషానికి కావలసిన మాటలు నేను రాసిస్తాను, నా ఫైళ్ళ నిండా అవే ఉన్నాయి.

అయ్యవారు: ఆ సెక్షను? 205?

లాయరమ్మ: చట్టం అడిగేది నమ్మించాలన్న ఉద్దేశం. ఇక్కడ మన ఉద్దేశం ఇంకెవరూ నమ్మకూడదనే. ఒప్పుకుంటే ఇప్పుడే నాటకం పద్దు కింద రాస్తాను. తోటి వేషం మీద కేసు మాత్రం నడుస్తుంది, కొట్టేయలేదు. హాస్యగాడు దిగిపోయే ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు మైకులో మూడుసార్లు చెప్పాలి. 1930.